స్టైన్‌బెక్ రెండు బండ్లు

మన దగ్గర క్యారవాన్ అనగానే గుర్తొచ్చేది సినిమా షూటింగ్. షాట్‌కీ షాట్‌కీ మధ్య హీరో వెళ్ళి ఏసీలో కూర్చునే పెద్ద బండి. అమెరికాలో మాత్రం అది మామూలు కుటుంబాల సంగతి. చలికాలం సెలవులు వచ్చాయంటే చాలు, పికప్ వెనక ట్రైలర్ తగిలించుకుని, పిల్లల్నీ కుక్కల్నీ దుప్పట్లనీ అందులోకి ఎక్కించి, మంచు పడని రాష్ట్రాల వైపు బయల్దేరే వాళ్ళు చాలామంది ఉంటారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ బండిలోనే. పండగ వంట కూడా అందులోనే.

ఇలా చక్రాల మీద ఇల్లు కట్టుకుని, కుక్కని పక్కన కూర్చోబెట్టుకుని దేశమంతా తిరిగి, దాని మీద పుస్తకం రాసి, ఎంతోమందికి ఆ పిచ్చి అంటించిన మనిషి జాన్ స్టైన్‌బెక్. 1962లో నోబెల్ వచ్చిన రచయిత. ఆయన జీవితం గురించి చదువుతుంటే నాకు మాత్రం ఒక బండి కాదు, రెండు బండ్లు కనిపించాయి. ఒకటి 1936 నాటి పాత బేకరీ ట్రక్కు. రెండోది 1960లో ఆర్డర్ ఇచ్చి మరీ చేయించుకున్న కొత్త జీఎంసీ పికప్. మొదటి దాని గురించి మన వాళ్ళలో చాలామందికి తెలీదు. కానీ రెండో బండి అర్థం కావాలంటే మొదటిది తెలియాలి.

స్టైన్‌బెక్ 1902 ఫిబ్రవరి 27న కాలిఫోర్నియాలోని సలీనాస్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. చుట్టూ పొలాలు, వాటి వెనక కొండలు. నాన్న కొన్నాళ్ళు జిల్లా ఖజానా అధికారిగా పనిచేశాడు. అమ్మ పెళ్ళికి ముందు స్కూలు టీచర్. ముగ్గురు అక్కచెల్లెళ్ళు, మధ్యలో ఒక్కడే మగపిల్లాడు. చిన్నప్పటి నుంచీ పుస్తకాల పిచ్చి. 1919లో స్టాన్‌ఫర్డ్‌లో చేరాడు. ఇది మన లాంటి వాళ్ళు ప్రత్యేకంగా చదవాల్సిన భాగం. నచ్చిన సబ్జెక్టులకే వెళ్ళేవాడు, మధ్యలో మానేసి చక్కెర దుంపల పొలాల్లో పనికి పోయేవాడు, మళ్ళీ వచ్చి చేరేవాడు. అలా ఆరేళ్ళు గడిపి 1925లో డిగ్రీ లేకుండానే బయటకొచ్చాడు. ఇప్పుడైతే ఇంట్లో ఏం జరిగేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

అక్కడి నుంచి సరుకుల ఓడ ఎక్కి న్యూయార్క్ వెళ్ళాడు. మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ కడుతుంటే అక్కడ కూలిపని చేశాడు. తర్వాత ఒక పేపర్‌లో ఉద్యోగం దొరికింది, అదీ నిలవలేదు. మళ్ళీ ఓడ ఎక్కి కాలిఫోర్నియా వచ్చేశాడు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆయన చేసిన ఉద్యోగం నాకు భలే నచ్చింది. లేక్ టాహో అని కొండల మధ్య ఒక పెద్ద సరస్సు. దాని దగ్గర డబ్బున్నవాళ్ళ వేసవి ఇల్లు ఉంది. వాళ్ళు ఎండాకాలం వచ్చి, చలి మొదలవగానే వెళ్ళిపోతారు. చలికాలమంతా ఆ ఇంటిని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. మంచుతో దారులు మూసుకుపోతాయి, మాట్లాడటానికి ఎవరూ ఉండరు. కట్టెలు కొట్టుకుని, తోడుగా కుక్కల్ని పెట్టుకుని, స్టైన్‌బెక్ అక్కడ రెండు చలికాలాలు గడిపాడు. మొదటి నవల రాసింది అక్కడే. నిజమైన ఒంటరితనం అంటే ఏమిటో ఆయన రుచి చూసింది కూడా అక్కడే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

1928లో అదే టాహో దగ్గర చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో పని చేస్తుండగా, చూడటానికి వచ్చిన క్యారల్ హెన్నింగ్ పరిచయమైంది. 1930 జనవరిలో పెళ్ళి చేసుకున్నారు. అప్పటికి దేశమంతా ఆర్థిక మాంద్యం. పసిఫిక్ గ్రోవ్ అనే ఊళ్ళో నాన్న కట్టించిన మూడు గదుల ఇంట్లో అద్దె లేకుండా ఉన్నారు. నాన్న నెలకి 25 డాలర్లు పంపేవాడు. పెరట్లో కూరగాయలు, సముద్రంలో చేపలు. క్యారల్ ఆయన రాతప్రతులు టైప్ చేసేది, తప్పులు పట్టుకునేది, కుదరని వాక్యాల మీద గొడవపడేది. 1935లో టోర్టిల్లా ఫ్లాట్ నవల బాగా అమ్ముడుపోయి కాస్త ఊపిరి పీల్చుకునేదాకా ఇదే బతుకు.

1936లో ఆఫ్ మైస్ అండ్ మెన్ రాస్తున్నప్పుడు ఒక రాత్రి వాళ్ళ కుక్కపిల్ల టోబీ ఇంట్లో ఒంటరిగా ఉండి, రాతప్రతిలో దాదాపు సగం చింపి ముక్కలు ముక్కలు చేసేసింది. రెండు నెలల పని పోయింది. వేరే కాపీ లేదు. గిట్ లేదు, డ్రైవ్ లేదు, కనీసం కార్బన్ కాగితం పెట్టిన ప్రతి కూడా లేదు. ఆయనకి కోపం వచ్చింది గానీ, కుక్కని చిన్నగా ఒకటి అంటించి ఊరుకున్నాడు. ఏమో, బాగోలేదనే చింపిందేమో అని జోక్ చేసుకున్నాడట. మళ్ళీ కూర్చుని రాశాడు. నా ల్యాప్‌టాప్‌లో రెండు నెలల ప్రాజెక్టు పోతే నేనైతే ఆ కుక్కని అంత తేలిగ్గా వదలను.

ఆ ఏడాదే మొదటి బండి వచ్చింది.

దాని వెనక కథ కొంచెం చెప్పాలి. 1930లలో ఓక్లహోమా, టెక్సస్, కాన్సస్, ఆర్కన్సా వైపు ఏళ్ళ తరబడి వానలు లేవు. దున్ని దున్ని వదులైన మట్టి గాలికి లేచి నల్లటి దుమ్ము తుఫానులైంది. పంటలు పోయాయి. అప్పుల కింద భూములు బ్యాంకుల చేతికి పోయాయి. పది కుటుంబాలు కౌలు చేసే నేలని ఒక్క ట్రాక్టర్ దున్నేస్తుంటే కౌలుదారులతో పని లేకుండా పోయింది. లక్షల మంది పాత కార్లు, ట్రక్కులు కొనుక్కుని, పరుపులు, గిన్నెలు, ముసలివాళ్ళు, పసిపిల్లలు, ఒక్కోసారి కుక్కతో సహా ఎక్కి కాలిఫోర్నియా దారి పట్టారు. అక్కడ పత్తి తీయడానికి, పళ్ళు కోయడానికి పని ఉందని విన్నారు. పని కొంచెం, మనుషులు ఎక్కువ. కాబట్టి కూలి రేటు కిందికి పడిపోయింది.

శాన్‌ఫ్రాన్సిస్కో న్యూస్ అనే పేపర్ ఈ వలస కూలీల గురించి రాయమని స్టైన్‌బెక్‌ని అడిగింది. మంచి కారులో వెళ్తే ఎవరూ నోరు విప్పరని ఆయనకి తెలుసు. బ్రెడ్డు పంచే ఒక పాత బేకరీ ట్రక్కు కొన్నాడు. అందులో దుప్పట్లు, వంటసామాను, తిండి పెట్టుకుని 1936 వేసవి చివర్లో పొలాల వైపు బయల్దేరాడు. కాలవగట్ల మీద అట్టముక్కలతో, రేకులతో కట్టిన గుడిసెలు చూశాడు. ఆర్విన్ అనే చోట ప్రభుత్వం నడిపే శిబిరానికి మేనేజర్ టామ్ కాలిన్స్. ఈయన అక్కడి కుటుంబాల గురించి ప్రతి వివరం రిపోర్టుల్లో రాసిపెట్టేవాడు. వాళ్ళు ఏం తింటున్నారు, ఏం పాడుకుంటున్నారు, ఎలా మాట్లాడుతున్నారు, అన్నీ. ఆ రిపోర్టులు స్టైన్‌బెక్‌కి ఇచ్చాడు, వెంట తిప్పి చూపించాడు. అక్టోబర్‌లో ఏడు వ్యాసాలు వరసగా అచ్చయ్యాయి.

అక్కడితో అయిపోయి ఉంటే మనకి ఆయన పేరు ఇంతగా తెలిసేది కాదేమో. 1938 ఫిబ్రవరిలో వైసేలియా చుట్టుపక్కల పెద్ద వానలు, వరద. చలికాలం కాబట్టి పొలంలో పని లేదు, చేతిలో డబ్బు లేదు. గుడారాలు, బండ్లు బురదలో కూరుకుపోయాయి. వేల కుటుంబాలు తిండి లేక చిక్కుకుపోయాయి. స్టైన్‌బెక్ అక్కడికి పోయి కాలిన్స్‌తో కలిసి రాత్రీ పగలూ ఆ బురదలో తిరుగుతూ జనానికి సాయం చేశాడు. లైఫ్ పత్రిక ఆ సంగతి రాయమంటే, ఆకలితో ఉన్నవాళ్ళ మీద సంపాదించడం ఇష్టం లేక ఖర్చులు తప్ప డబ్బు వద్దన్నాడు.

ఇంటికొచ్చి మొదట కోపంతో ఒక వ్యంగ్యం రాశాడు. నచ్చలేదు, తనే నాశనం చేసేశాడు. అప్పుడు మే చివర్లో కొత్తగా మొదలుపెట్టి, అక్టోబర్ 26కల్లా, అంటే సుమారు ఐదు నెలల్లో, చేత్తో రాసి పూర్తి చేసిందే ద గ్రేప్స్ ఆఫ్ రాత్. ఆ పేరు పెట్టింది క్యారల్. టైప్ చేసింది కూడా ఆమే. నవలని ఆమెకీ కాలిన్స్‌కీ అంకితం ఇచ్చాడు.

నవలలో జోడ్ కుటుంబం ఒక పాత కారుని కోసి ట్రక్కులా మార్చుకుంటుంది. తాత, నాయనమ్మ, కడుపుతో ఉన్న ఆడపిల్ల, చిన్నపిల్లలు, ఒక మాజీ పాస్టరు, అందరూ అందులోనే. బయల్దేరిన కాసేపటికే వాళ్ళ కుక్క హైవే మీద కారు కింద పడి చచ్చిపోతుంది. మొదటి రాత్రే తాత పోతాడు. కథ చివరికొచ్చేసరికి చలికాలం వరద. వాళ్ళు పాత రైలు పెట్టెలో ఉంటారు, బండి నీళ్ళలో మునుగుతుంది. చక్రాల మీద ఇల్లు అనే మాట విన్నప్పుడల్లా నాకు ముందు ఈ కుటుంబమే గుర్తొస్తుంది. ట్రక్కులో ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా ఆయన వదల్లేదు.

1939 ఏప్రిల్‌లో పుస్తకం వచ్చింది, విపరీతంగా అమ్ముడుపోయింది. కెర్న్ కౌంటీలో బళ్ళలో, లైబ్రరీల్లో నిషేధించారు. పెద్ద రైతులు అబద్ధాలకోరు అన్నారు. 1940లో పులిట్జర్ వచ్చింది. పేరు, డబ్బు, బెదిరింపులు అన్నీ ఒకేసారి వచ్చాయి. క్యారల్‌తో కాపురం మాత్రం నిలవలేదు. 1943లో విడాకులు, వెంటనే గ్విన్‌తో రెండో పెళ్ళి, ఇద్దరు కొడుకులు, 1948లో మళ్ళీ విడాకులు. అదే ఏడాది ప్రాణస్నేహితుడు ఎడ్ రికెట్స్ కారుని రైలు ఢీకొట్టి చనిపోయాడు. మనిషి బాగా కుంగిపోయాడు. 1950 డిసెంబర్ చివర్లో ఎలైన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఈ పెళ్ళి చివరిదాకా నిలిచింది. 1952లో కొడుకుల్ని దృష్టిలో పెట్టుకుని ఈస్ట్ ఆఫ్ ఈడెన్ రాశాడు. కాలిఫోర్నియా వదిలేసి న్యూయార్క్ మనిషైపోయాడు. ఆ నగరానికి దూరంగా సముద్రం పక్కన సాగ్ హార్బర్‌లో ఒక ఇల్లు కొనుక్కున్నాడు.

1959 డిసెంబర్‌లో ఒక్కసారిగా కుప్పకూలిపోయి ఆసుపత్రి పాలయ్యాడు. అప్పటికి 57 ఏళ్ళు. విశ్రాంతి తీసుకోమన్నారు. ఇక ముసలివాడివి, జాగ్రత్తగా కూర్చో అని ఇంట్లోవాళ్ళు బతిమాలే దశ. ఆయనకి అది అస్సలు నచ్చలేదు. పైగా ఇరవై ఏళ్ళకి పైగా అమెరికా గురించి రాస్తూ, ఆ దేశాన్ని దగ్గరగా చూడటం మానేశానని ఒక దిగులు పట్టుకుంది. అప్పుడు చేయించుకున్నదే రెండో బండి.

ఇది వెనకాల లాగే ట్రైలర్ కాదు. పికప్ మీద బిగించిన చిన్న గది. డబుల్ బెడ్, నాలుగు బర్నర్ల పొయ్యి, హీటరు, గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్, లైట్లు, కెమికల్ టాయిలెట్, కిటికీలకి దోమతెరలు. డాన్ క్విక్సోట్ గుర్రం పేరు రోసినాంటే, అదే దీనికి పెట్టాడు. సామాను చూస్తే మన వాళ్ళ ప్రయాణమే. పనిముట్లు, తుపాకులు, చేపల గాలాలు, డిక్షనరీలు, వంద మందికి సరిపోయే తిండి, ఎప్పటికీ చదవని పుస్తకాలు. బట్టలుతకడానికి ఆయన కనిపెట్టిన పద్ధతి మాత్రం ఇంజనీరింగ్ వాళ్ళకి నచ్చుతుంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బాని సాగే తాడుతో బండి లోపల వేలాడదీసి, అందులో వేడినీళ్ళు, సబ్బు, చొక్కాలు వేసి రోజంతా నడిపేవాడు. గతుకులే వాషింగ్ మెషిన్.

పక్క సీట్లో చార్లీ. పారిస్ శివార్లలో పుట్టిన పెద్ద పూడిల్ కుక్క, అప్పటికే పదేళ్ళ వయసు. నిజానికి వెంట పంపమని ఎలైన్‌ని ఆయనే అడిగి తెచ్చుకున్నాడు. డోనా తుఫాను దాటాక, 1960 సెప్టెంబర్ 23న బయల్దేరారు. మొత్తం సుమారు పది వేల మైళ్ళు.

ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలో బంగాళాదుంపలు తవ్వడానికి కెనడా నుంచి వచ్చిన ఫ్రెంచ్ కుటుంబాలు కనిపించాయి. వాళ్ళవీ బండ్లే, వాళ్ళూ పిల్లాజెల్లాతోనే. స్టైన్‌బెక్ ముందు చార్లీని వదిలాడట, కుక్క వెళ్ళి పరిచయం చేసుకుంది, వెనకాలే తను వెళ్ళి క్షమాపణ చెప్పి మాట కలిపాడు. ఆ రాత్రి వాళ్ళందరినీ రోసినాంటేలోకి పిలిచి కాఫీ, బ్రాందీ పోశాడు. 24 ఏళ్ళ కింద బేకరీ ట్రక్కులో తిరిగిన మనిషికి ఆ సాయంత్రం ఏం గుర్తొచ్చి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఇప్పుడు ఆయన అతిథేయుడు, ఖరీదైన బండి ఆయనది. ట్రైలర్లలో శాశ్వతంగా కాపురం ఉండే వాళ్ళతో కూడా కూర్చుని భోంచేశాడు, సొంత నేల లేకపోతే వేళ్ళు ఎక్కడ ఉంటాయని ఆలోచించాడు.

చార్లీ వల్ల ఇబ్బందులూ వచ్చాయి. రేబిస్ టీకా కాగితం లేదని కెనడా దాటలేకపోయారు. యెల్లోస్టోన్‌లో ఎలుగుబంట్లని చూసి ఆ పెద్దమనిషి లాంటి కుక్క పిచ్చెత్తినట్టు అరిచేసరికి వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. దారిలో దానికి మూత్రం బిగించి జబ్బు చేసింది. చివరికి టెక్సస్‌లోని అమరిల్లోలో ఒక కుర్ర డాక్టరు బాగుచేశాడు. సొంత ఊరి వైపు వెళ్తే అక్కచెల్లెళ్ళతో కెనడీ, నిక్సన్ ఎన్నికల మీద రోజూ గొడవే. మన పండగల్లో బాబాయిలు, మామయ్యలు చేసే రాజకీయ చర్చల్లాగే అన్నమాట. పాత స్నేహితులు పోయారు, ఊరు మారింది. కొండెక్కి లోయని ఒకసారి చూసుకుని వెళ్ళిపోయాడు.

నవంబర్ చివర్లో థ్యాంక్స్‌గివింగ్ పండగ టెక్సస్‌లో, తెలిసినవాళ్ళ పశువుల క్షేత్రంలో. ఎలైన్ పుట్టి పెరిగిన రాష్ట్రం అది. ఆమె విమానంలో వచ్చి కలిసింది. అక్కడి నుంచి న్యూ ఆర్లియన్స్. ఆరేళ్ళ నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్ తెల్లపిల్లల బడికి మార్షల్స్ కాపలాతో వెళ్తుంటే, గేటు దగ్గర తెల్ల ఆడవాళ్ళు రోజూ గుమిగూడి బూతులు తిట్టేవాళ్ళు. వాళ్ళకి చీర్‌లీడర్లు అని పేరు కూడా వచ్చింది. న్యూయార్క్ నంబర్ ప్లేటుతో వెళ్తే గొడవని బండినీ చార్లీనీ ఒక చోట వదిలి టాక్సీలో వెళ్ళి చూశాడు. ఆ తిట్లు పేపర్లు అచ్చు వేయడం లేదని గమనించాడు. కడుపులో తిప్పినట్టైంది. అక్కడి నుంచి ఇక ఊళ్ళు చూడాలనిపించలేదు. ఇంటికి వెళ్ళిపోవాలన్న తొందరే.

1962లో ట్రావెల్స్ విత్ చార్లీ వచ్చింది. చదివితే ఒక ముసలాయన, ఒక కుక్క, ఖాళీ రోడ్డు అనిపిస్తుంది. 2010లో ఒక అమెరికన్ జర్నలిస్టు అదే దారిలో వెళ్ళి, పాత ఉత్తరాలు, మొదటి రాతప్రతి అన్నీ పట్టుకుని చూస్తే వేరే సంగతి బయటపడింది. సియాటిల్ నుంచి కాలిఫోర్నియా దాకా తీరమంతా ఎలైన్ పక్కనే ఉంది. చాలా రాత్రులు పడుకున్నది బండిలో కాదు, మోటళ్ళలో, హోటళ్ళలో, బంధువుల ఇళ్ళలో. లెక్కేస్తే ప్రయాణంలో సగానికి పైగా రోజులు ఆమె తోడుంది. మొదటి ప్రతిలో ఆమె కనిపిస్తుంది, అచ్చయిన పుస్తకంలో దాదాపు లేదు. 2012 నాటి ముద్రణకి రాసిన ముందుమాటలో ఇందులో నవలాకారుడి కల్పన ఉందని ఒప్పుకున్నారు కూడా.

ఇన్‌స్టాలో సోలో ట్రిప్ అని ఫోటో పెడతారు కదా, ఆ ఫోటో తీసిందెవరో మాత్రం చెప్పరు. అలాంటిదే ఇది. మోసం అని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. డాన్ క్విక్సోట్ పేరు పెట్టుకున్న కథలో గుర్రం, వీరుడు చాలు అనుకుని ఉంటాడు. ఇక నా వల్ల కాదేమో అన్న భయం ఉన్నవాడికి ఒంటరిగా తిరిగొచ్చానని చెప్పుకోవడం అవసరమై ఉంటుంది. టాహో మంచులో నిజంగానే ఒంటరిగా గడిపినప్పుడు ఆయనకి 25 ఏళ్ళు, 58లో అది కుదరలేదు. కుదరకపోవడంలో తప్పేం లేదు. కానీ జోడ్ల ట్రక్కులో నాయనమ్మ దగ్గర్నుంచి పసిపిల్ల దాకా ఒక్కర్నీ దించకుండా మోసిన మనిషి, తన సొంత బండి దగ్గరికొచ్చేసరికి భార్యని దించేశాడే అన్నది మాత్రం నాకు గుచ్చుకుంటుంది. ప్రయాణంలో సగానికి పైగా రోజులు పక్కన తోడున్నది ఆమె.

ఆ పుస్తకం వచ్చిన మూడు నెలలకి నోబెల్ ప్రకటించారు. ఆ మరుసటి ఏడాది, 1963లో, చార్లీ చనిపోయింది. స్టైన్‌బెక్ 1968 డిసెంబర్ 20న, క్రిస్మస్‌కి ఐదు రోజుల ముందు, న్యూయార్క్‌లో పోయాడు. అస్థికల్ని సలీనాస్ తీసుకెళ్ళి కుటుంబం వాళ్ళ సమాధుల దగ్గరే పెట్టారు. ఎలైన్ 2003 దాకా బతికింది, ఆయన ఉత్తరాలు పోగుచేసి పుస్తకంగా తెచ్చింది.

రోసినాంటే ఇప్పుడు సలీనాస్‌లో ఆయన పేరు మీదున్న మ్యూజియంలో ఉంది. లోపలి టేబులు, పొయ్యి కిటికీలోంచి చూడొచ్చు. ఆయన పుట్టిన ఇల్లు అక్కడికి నడిచి వెళ్ళేంత దూరమే. అందులో ఇప్పుడు హోటల్ నడుస్తోంది, మధ్యాహ్నం భోజనం పెడతారు.